బొత్తాల డబ్బా అంత ముద్దుగా ఉండదు

అమ్మమ్మల బొత్తాల డబ్బాల మీద రాయడం ఇక ఆపితే బాగుంటుందని నా అభిప్రాయం. ఆపకపోయినా ఫరవాలేదు గానీ, ఇప్పుడు రాస్తున్న పద్ధతిలో రాయడం మాత్రం ఆపాలి.

ఇంగ్లీషులో స్త్రీల ఆత్మకథాత్మక వ్యాసాలు చదివేవాళ్ళకి ఈ డబ్బా బాగా పరిచయం. బిస్కట్ల రేకు డబ్బా. మూత తీస్తే గలగలమని చప్పుడు. లోపల రంగురంగుల బొత్తాలు. చిన్నపిల్లగా ఉన్న రచయిత్రి అందులో చేతులు ముంచి ఆడుకుంటుంది. అమ్మమ్మ పొదుపరి, ఏ వస్తువూ పారేసేది కాదు. ఆమె పోయాక డబ్బా మనవరాలికి చేరుతుంది. మనవరాలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఇదే స్త్రీల చరిత్ర అని కన్నీళ్ళు పెట్టుకుంటుంది. మనం కూడా ఈ దారికి వచ్చేశాం. పోపులపెట్టె, ఊరగాయ జాడీ, కొంగున ముడి. ఒక్కొక్క వస్తువూ ఒక్కొక్క వ్యాసమైపోతోంది. ఆ పోపులపెట్టె ముందు అమ్మమ్మ ఎన్ని గంటలు నిలబడింది, ఊరగాయకి కారం దంచిన మనిషి ఎవరు, ఆమెకి ఏమిచ్చారు అనే ప్రశ్నలు మాత్రం వ్యాసంలోకి రావు. వస్తే వ్యాసం అందం చెడుతుంది కదా.

ఇదంతా బొత్తాలంటే గిట్టక రాయడం లేదు. నాకు బొత్తాలు సేకరించే అలవాటుంది. పద్ధెనిమిదేళ్ళుగా అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఉంటున్నాను, కాలేజీలో పాఠాలు చెప్పుకుంటాను. శనివారాలు థ్రిఫ్ట్ స్టోర్ల చుట్టూ తిరుగుతాను. జనం వదిలించుకున్న బట్టలూ సామాన్లూ విరాళంగా తీసుకుని చవగ్గా అమ్మే దుకాణాలివి. "స్త్రీవాదినంటావు, ఈ బొత్తాల పిచ్చేమిటి నీకు?" అని నన్ను చాలామంది అడిగారు. తపాలా బిళ్ళలు పోగుచేసే మగవాణ్ణి ఎవరూ ఇలా అడగరు. అతనిది విజ్ఞానం, నాది పిచ్చి. ఈ మాటకి జవాబు చెప్పడం ఎప్పుడో మానేశాను. వెక్కిరించేవాళ్ళతో నాకు పెద్ద పేచీ లేదు, వాళ్ళు ఎదురుగా ఉంటారు, కనిపిస్తారు. "అబ్బ, ఎంత ముద్దుగా ఉన్నాయో!" అని మురిసిపోయే మనవాళ్ళతోనే నా పేచీ.

థ్రిఫ్ట్ స్టోర్‌లో బొత్తాలు ఎలా దొరుకుతాయో చెప్పాలి. కుట్టుపని సామాన్ల అరలో, అల్లిక సూదులకీ సగం అయిపోయిన దారపు ఉండలకీ మధ్య, జామ్ సీసాల్లోనో జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచుల్లోనో ఉంటాయి. సీసా రెండు డాలర్లు, మూడు డాలర్లు. పైకి కనబడేవన్నీ చొక్కాల తెల్ల ప్లాస్టిక్ బొత్తాలే. ఇంటికి తెచ్చి పళ్ళెంలో పోస్తే అసలు సంగతి బయటపడుతుంది. చెంపకి ఆనించి చూస్తాను. చల్లగా, కాస్త బరువుగా తగిలితే ముత్యపు చిప్ప. వెచ్చగా, తేలిగ్గా ఉంటే ప్లాస్టిక్. వేణ్ణీళ్ళలో ముంచి వాసన చూస్తే బేకలైట్ ఘాటుగా మందు వాసన కొడుతుంది. నల్లగా నిగనిగలాడేవి చాలావరకు గాజు. 1861లో భర్త పోయాక విక్టోరియా రాణి నల్లబట్టలు కట్టి, జెట్ అనే నల్లరాయి నగలు పెట్టుకుంది. ఆ రాయి కొనలేని ఆడవాళ్ళ కోసం నల్లగాజు వచ్చింది. వైధవ్యానికి కూడా నాసిరకం, మేలురకం ఉన్నాయన్నమాట. బొత్తాలతో పాటు ఒకటి రెండు హుక్కులు, తుప్పు పట్టిన పిన్నీసు, ఒక్కోసారి పూస. కొన్ని బొత్తాల వెనక దారపు ముక్కలు అలాగే ఉంటాయి. కొన్నింటికి దారంతో పాటు గుడ్డపేలిక కూడా ఉంటుంది. అంటే విప్పి తీసింది కాదు, కత్తెరతో గబగబా కోసింది. చొక్కా చిరిగి మసిగుడ్డ అయింది, లేదా తొడుక్కునే మనిషి పోయాడు.

నాకు కావలసింది ఆ దారమే. కాలక్షేపపు సేకరణకి అక్కర్లేనిదీ అదే.

అమెరికాలో బొత్తాల సేకరణకి పెద్ద సంస్థే ఉంది. నేషనల్ బటన్ సొసైటీ 1938లో పుట్టింది, ఆర్థికమాంద్యపు రోజుల్లో. కొత్త వస్తువులు కొనలేని ఇళ్ళలో పాత బొత్తాలే వినోదమయ్యాయి. వాళ్ళ పద్ధతులు చాలా కచ్చితం. 9 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవున్న అట్టమీద బొత్తాలు అమర్చాలి. 1918కి ముందువి ఒక విభాగం, తర్వాతవి ఇంకొకటి. ఏ పదార్థంతో చేశారు, ఏ పరిమాణం, మీద ఏ బొమ్మ ఉంది అని వర్గీకరణ. పోటీలుంటాయి, న్యాయనిర్ణేతలుంటారు. సభ్యుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే. వాళ్ళ పరిజ్ఞానం ముందు నేను ఎక్కడా నిలవను, నిజంగా గౌరవిస్తాను. కానీ ఆ వర్గీకరణలో పదార్థానికి చోటుంది, బొమ్మకి చోటుంది, చేసిన చేతికి మాత్రం గడి లేదు. ఇక్కడి ఒక చిన్న క్లబ్బులో నేను దారాలతో సహా అమర్చిన అట్టని చూసి ఒక పెద్దావిడ, "శుభ్రం చేసుంటే మార్కులు పడేవమ్మా" అంది నొచ్చుకుంటూ. నిజమే, మార్కులు పడేవి.

అసలు కథ ఇంకో రకం అట్టలో ఉంది. వెనకటి రోజుల్లో బొత్తాలని ఆరో డజనో చొప్పున అట్టకి కుట్టి అమ్మేవాళ్ళు. అట్టమీద టోపీ పెట్టుకున్న అమ్మాయి బొమ్మో, నదీ పడవా. ఆ అట్టకే ఉన్న బొత్తాలకి సేకరణలో ధర ఎక్కువ, అట్ట మీద బొమ్మ చెక్కుచెదరకపోతే మరీ ఎక్కువ. ఎప్పుడైనా అట్ట తిరగేసి చూశారా? వెనక దారం ఒక బొత్తాం నుంచి ఇంకో బొత్తానికి అడ్డంగా పోతూ ఉంటుంది, మొదట్లో ఒక ముడి, చివర్లో ఒక ముడి. ఎన్నో అట్టల్లో ఆ దారం యంత్రం కుట్టింది కాదు. ఇంగ్లండ్‌లో బొత్తాలు అట్టకి కుట్టడం ఇళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ చేసే పని. 1906లో లండన్‌లో డైలీ న్యూస్ పత్రిక, రక్తం పీల్చే కూలిపనులు ఇవీ అని జనానికి చూపించడానికి ఒక ప్రదర్శన పెట్టింది. అందులో ఈ పని కూడా ఉంది. ఇవాళ ఆ అట్టకి ఇరవై డాలర్లిచ్చి ఫ్రేము కట్టించుకుంటున్నాం. ఫ్రేములో వెనకవైపు గోడకేసి ఉంటుంది.

అయోవాలో మిసిసిపీ ఒడ్డున మస్కటీన్ అనే ఊరుంది. ముత్యపు బొత్తాల రాజధాని అని దానికి పేరు. జాన్ బోపుల్ అనే జర్మన్ వలసదారు 1891లో ఇక్కడ నది ఆల్చిప్పలతో బొత్తాల పని మొదలుపెట్టాడు. 1905 నాటికి ఏడాదికి 150 కోట్ల బొత్తాలు, ప్రపంచంలో తయారయ్యేవాటిలో 37 శాతం ఈ ఒక్క ఊరివే అని లెక్క చెబుతారు. ఇప్పుడు అక్కడ మ్యూజియం ఉంది. గుండ్రటి కంతలు పడిన చిప్పలు చుట్టుపక్కల ఇప్పటికీ దొరుకుతాయి. చేతిలోకి తీసుకుంటే అట్లు పోసిన పిండిలా జల్లెడ జల్లెడగా ఉంటాయి. చిప్పల నుంచి బిళ్ళలు కోసే పని ఎక్కువగా మగవాళ్ళది. వాటిని నునుపు చేసి కన్నాలు వేసే యంత్రాల దగ్గర, నాణ్యత బట్టి ఏరే బల్లల దగ్గర ఆడపిల్లలు. అట్టలకి కుట్టడం ఇళ్ళకి పంపేవాళ్ళు. చిప్పల దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయేది, తెగిన వేళ్ళు చీముపట్టేవి. గ్రోసంటే 12 డజన్లు కదా, ఇక్కడ కోసేవాళ్ళు 14 డజన్లు ఇస్తేగాని గ్రోసుగా లెక్క కట్టడం లేదన్నది కార్మికుల ఫిర్యాదుల్లో ఒకటి. విరిగినవాటి నష్టం యజమాని మీద పడకూడదు కదా మరి.

1911లో గొడవ ముదిరింది. ఫ్యాక్టరీలు మూసేశారు, సంఘం కట్టినవాళ్ళు వీధిలోకొచ్చారు, గవర్నరు సైన్యాన్ని దింపాడు. 1912 దాకా సాగిన ఆ పోరాటంలో పెర్ల్ మెక్‌గిల్ అనే అమ్మాయి ముందు వరసలో ఉంది. పేరే ముత్యం. టీచరు చదువుకి డబ్బు కూడబెట్టుకుందామని బొత్తాల ఫ్యాక్టరీలో చేరిన పల్లెటూరి పిల్ల, పదహారు పదిహేడేళ్ళది. సంఘం తరఫున ఊళ్ళు తిరిగి ఉపన్యాసాలిచ్చి సమ్మెకి చందాలు తెచ్చింది. 1912లో లారెన్స్ నేతమిల్లుల సమ్మెలోనూ పాల్గొంది. తర్వాత టీచరయింది. 1924లో మాజీ భర్త ఆమెని కాల్చి చంపాడు. అప్పటికి ఆమెకి సుమారు ముప్ఫై ఏళ్ళు.

బోపుల్ నదిలో దిగినప్పుడు కాలికి చిప్ప కోసుకుని, ఆ పుండు విషమించి పోయాడు. ఈ సంగతి ముత్యపు బొత్తాల గురించి రాసే ప్రతివాళ్ళూ రాస్తారు. కథలాగా ఉంటుంది, పైగా అతను స్థాపకుడు. పెర్ల్ మెక్‌గిల్ సంగతి కార్మిక చరిత్ర చదివేవాళ్ళకి తప్ప తెలీదు. బొత్తాల మీద మురిపెంగా రాసే స్త్రీల వ్యాసాల్లో నాకు ఇంతవరకూ ఆమె పేరు తగల్లేదు. ఇక్కడే మనం కాస్త సిగ్గుపడాలి. మస్కటీన్ నుంచి నది ఎగువకి కొంచెం దూరం పోతే డావెన్‌పోర్ట్. సుసాన్ గ్లాస్‌పెల్ పుట్టిన ఊరు. ఆమె రాసిన 'ట్రైఫిల్స్' నాటకం 1916 నాటిది. మనలో ఇంగ్లీషు సాహిత్యం చెప్పేవాళ్ళం ఏటా దాన్ని పాఠం చెబుతాం. మగవాళ్ళు చిల్లర సామాన్లని తీసిపారేసిన బొంతకుట్టులో, వంటింటి సీసాల్లో ఆడవాళ్ళు హత్య కారణాన్ని చదువుతారు. "చిన్నవస్తువుల్ని చదవడమే స్త్రీవాద పఠనం" అని బోర్డు మీద రాస్తాం, పిల్లలు రాసుకుంటారు. బాగానే ఉంది. కానీ ఆ నాటకంలో ఆడవాళ్ళు వస్తువుల్ని చూసి మురిసిపోరు. కుట్టు ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో చూస్తారు. మనం నేర్చుకున్నది వస్తువుల్ని ప్రేమించడం. కుట్టు చదవడం వదిలేశాం.

ఇక నా ఇంటి సంగతి.

మా అమ్మ దగ్గర కూడా బొత్తాలుండేవి, హార్లిక్స్ సీసాలో. తెనాలిలో మా అద్దె ఇంటి కిటికీ గూట్లో ఉండేది ఆ సీసా. రెండేళ్ళ కిందట ఒక రచయిత్రుల సమావేశంలో దీని గురించి చెబితే, ఒక విమర్శకురాలు "మీ అమ్మగారి సౌందర్యదృష్టి" అని మొదలుపెట్టి, పొదుపు, కళ, ఆడవాళ్ళ మౌన సృజన అని చాలాసేపు మాట్లాడింది. సభ చప్పట్లు కొట్టింది. నేను ఒప్పుకోలేదు, అక్కడే చెప్పాను, ఇక్కడ మళ్ళీ చెబుతున్నాను. మా అమ్మ వీధి చివరి టైలరు దగ్గర్నుంచి బట్టలు తెచ్చుకుని కాజాలు కుట్టేది, హుక్కులు, బొత్తాలు కుట్టేది, హెమ్మింగు చేసేది. జాకెట్టుకి పావలా. చొక్కాకైతే కాజాలు లెక్కపెట్టి ఇచ్చేవాడు. బొత్తాలు కూడా లెక్కపెట్టి పొట్లం కట్టి ఇచ్చేవాడు. ఒకటి తగ్గితే, పగిలితే, కూలిలోంచి కోత. సూది గుచ్చుకుని తెల్లగుడ్డ మీద రక్తపు చుక్క పడితే అది ఉతికి ఇవ్వడమే కాదు, ఆ చొక్కాకి డబ్బులే లేవు. అందుకని పాత బట్టల నుంచి, మా చిరిగిపోయిన యూనిఫాముల నుంచి కోసిన ప్రతి బొత్తాన్నీ అమ్మ ఆ సీసాలో వేసేది. పొట్లంలో తగ్గిన బొత్తానికి సరిపోయేది అందులో వెతికేది. రాత్రి కరెంటు పోతే లాంతరు దగ్గర సీసా వొంపి వెతికేది. అది సౌందర్యదృష్టి కాదు, జరిమానా భయం. మస్కటీన్‌లో 14 డజన్ల గ్రోసు ఏ లెక్కో, మా ఇంట్లో హార్లిక్స్ సీసా అదే లెక్క.

మేం ఆ సీసాలో చేతులు ముంచి ఆడుకోలేదు. ముట్టుకుంటే వీపు పగిలేది.

నా స్కూలు ఫారంలో తల్లి వృత్తి దగ్గర "గృహిణి" అని ఉండేది. నాన్న రాయించాడు. ఆయన గుమస్తా, భార్య కూలిపని చేస్తోందంటే పరువు. టైలరు దగ్గర్నుంచి మూట తేవడానికి అమ్మ చీకటి పడ్డాకే వెళ్ళేది. ఇంటర్లో నా ఫీజు కట్టింది ఆ పావలాలే. ఇంటికొచ్చిన చుట్టాలతో మాత్రం నాన్న, "మా ఇంట్లో ఆవిడకి ఊరికే కూచోవడం చేతకాదు, ఏదో కుడుతూ ఉంటుంది" అని నవ్వేవాడు. ఏదో. కాలక్షేపానికి. ఆ సమావేశంలో విమర్శకురాలు అన్నదానికీ మా నాన్న అన్నదానికీ తేడా ఏమిటో నాకు ఇప్పటికీ తెలీదు. ఆయన పరువు కోసం కూలిని కాలక్షేపమన్నాడు, ఈవిడ సిద్ధాంతం కోసం కూలిని కళ అంది. ఇద్దరి మాటల్లోనూ పావలా లేదు.

ఇంకొకటి. అన్ని బొత్తాలు కుట్టిన మా అమ్మ ఒంటిమీద బొత్తామనేది ఉండేది కాదు. రవికకి రెండు హుక్కులు ఊడితే అక్కడ పిన్నీసు. మా పిన్ని పెళ్ళికి మాత్రం అల్లుడిగారి లాల్చీకి గొలుసుతో సహా బంగారు బొత్తాలు చేయించారు మా తాతయ్య, అప్పు చేసి. బొత్తాల చరిత్రలో స్త్రీల స్థానం గురించి రాయాలనుకునే పరిశోధక విద్యార్థినులు ఇక్కడ నుంచి మొదలుపెట్టవచ్చు.

"ఇదంతా గతం, ఇప్పుడెవరు కాజాలు చేత్తో కుడుతున్నారు" అనే మాట కూడా విన్నాను. వింటేజ్ అనే మాట చేసే మాయ ఇదే. వింటేజ్ అనగానే శ్రమ కూడా పాతదైపోయి, పాతది కాబట్టి తీయనిదైపోతుంది. థ్రిఫ్ట్ స్టోర్‌లో అమ్ముడుపోని బట్టలు ఎక్కడికి పోతాయి? బేళ్ళు కట్టి ఓడలకెక్కిస్తారు. అలా పడమటి దేశాల నుంచి వచ్చినవాటిలో కొన్ని గుజరాత్‌లోని కాండ్లా రేవులో దిగి, హర్యానాలోని పానిపట్‌కి చేరతాయి. అక్కడ వాటిని చీల్చి, పీచు చేసి, మళ్ళీ నూలు తీసి చవకరకం కంబళ్ళు నేస్తారు. చీల్చేముందు బొత్తాలు, జిప్పులు, లేబుళ్ళు కోసి తీసేది ఆడవాళ్ళు. మేఘనా గుప్తా 2012లో తీసిన 'అన్‌రావెల్' అనే చిన్న డాక్యుమెంటరీ చూడండి. బట్టల గుట్టల మధ్య కూచుని పనిచేస్తూ, ఇంత మంచి బట్టలు ఎందుకు పారేస్తారా అని అక్కడి ఆడవాళ్ళు చర్చించుకుంటారు. ఆ దేశాల్లో నీళ్ళు బాగా ఖరీదేమో, ఉతకడం కంటే పారేయడమే చవకేమో అని ఒక ఊహ. ప్రేక్షకులు నవ్వుతారు. నాకు మాత్రం అది మనం రాసే చాలా వ్యాసాల కంటే తెలివైన ఊహ అనిపించింది. ఒక వస్తువు చేతిలోకి రాగానే వాళ్ళు అడిగింది, దీని వెనక ఉన్న ఖర్చు ఏమిటని.

నేనొక శనివారం థ్రిఫ్ట్ స్టోర్‌లో వదిలేసిన కోటు బొత్తాన్ని ఇంకో ఏడాది పానిపట్‌లో ఒకామె కోసి పక్కన పడేసి ఉండవచ్చు. ఆమెకి కిలో లెక్కన ఇస్తారా, రోజు లెక్కనా? మనలో ఎవరైనా అక్కడికి వెళ్ళి అడిగారా? పద్ధతి మనకి తెలియంది కాదు. స్త్రీ శక్తి సంఘటన వాళ్ళు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు తెలంగాణ పోరాటంలో ఉన్న స్త్రీల ఎదుట కూచుని అడిగారు, చెప్పింది రాశారు. తుపాకీ పట్టిన స్త్రీని అడగాలని మనకి తెలిసింది. సూది పట్టినామెని అడగనక్కర్లేదని ఎందుకనుకుంటున్నాం? ఆమె ఇంట్లోనే ఉంది కాబట్టా? మన అమ్మే కాబట్టా? చాకిరేవులో బండమీద బొత్తాలు పగిలితే మాట పడింది చాకలామె. ఆమెని అమ్మ అని పిలిచే వ్యాసకర్తలు మన పత్రికల్లో ఎంతమంది ఉన్నారో ఈ సందర్భంలో లెక్కపెట్టుకోవచ్చు. దళిత, బహుజన రచయిత్రులు ఈ మాట చాలాకాలంగా అంటూనే ఉన్నారు. మీ అమ్మమ్మ పొదుపు కథలో మా అమ్మమ్మ జీతం ఎక్కడుంది అని.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. బొత్తాల డబ్బా మీద రాయండి, బొంత మీద రాయండి, ముగ్గు మీద రాయండి. రేటు కూడా రాయండి. డజనుకెంత, ఎవరిచ్చారు, ఎంత కోశారు, ఎన్ని గంటలకి పడుకుంది. ఇవి రాస్తే వ్యాసం ముద్దు తగ్గుతుందంటే తగ్గనివ్వండి. ఇవి తెలియకపోతే, బతికున్నవాళ్ళని అడగండి, ఆలస్యం చేయకండి.

అమ్మకి ఇప్పుడు డెబ్భై ఎనిమిదేళ్ళు. కుడికన్ను సరిగా కనపడదు. రేట్లు మాత్రం ఏ ఏడాదికి ఆ ఏడాది పైసలతో సహా చెబుతుంది, నేను నోటుబుక్కులో రాసుకుంటున్నాను. పోయిన నెల ఫోన్లో పెర్ల్ మెక్‌గిల్ కథ చెప్పాను. సమ్మె సంగతి, సైన్యం సంగతి, మొగుడు కాల్చిన సంగతి అన్నీ విన్నది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"అయితే ఏమే, పగిలిన బొత్తానికి వాళ్ళకెంత కోసేవాళ్ళంట?"